ఎనిమిది వేడివి

మూడోసారి కూడా ప్రింటర్ నుంచి కాగితం అలాగే వచ్చింది. ముందు ఎనిమిదీ వేడివి, తర్వాత ఎనిమిదీ చల్లవి.

రయోంగ్ పట్టణంలో చెప్పుల జిగురు తయారుచేసే ల్యాబ్ మాది. కొత్త జిగురు కోసం పదహారు మిశ్రమాలు, సగం వేడిగా, సగం చల్లగా కలిపి చూడాలి. రెజిన్ అనే బంక, ద్రావకం, వేడి, కలిపే సమయం ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటాయి. ఏది ముందు కలపాలో మేం నిర్ణయించకూడదు. కంప్యూటర్ చీటీలు తీసినట్టు తీసి వరస ఇస్తుంది. ఎనిమిది వేడివీ ముందే పడే అవకాశం పన్నెండు వేల ఎనిమిది వందల డెబ్బైలో ఒకటి. మూడుసార్లూ అదే పడితే ఏమనుకోవాలి?

"బాగుందిగా మావయ్యా!" అంది మిశ్రమాలు కలిపే లమ్‌డువాన్, ఏప్రన్ తగిలించుకుంటూ. "మాటిమాటికీ పాత్ర చల్లార్చే బాధ తప్పింది. కంప్యూటర్‌కైనా నా మీద జాలుంది."

పోయినేడాది ఈ పిల్ల తల్లి సమ్రువైతో ఇంచుమించు అదే మాట నేనన్నాను. అప్పుడు వరస కలగలిసే వచ్చింది. తొందర నాది. "వేడివన్నీ ఈ రోజే కానిచ్చేద్దాం అక్కా" అని వరస మార్చేశాను. "సర్లేరా తమ్ముడూ, నీ గోల పడలేను" అని ఆమె జలుబుకి ముక్కులో పెట్టుకునే మెంథాల్ గొట్టం పీల్చుకుంటూ ఒక్కతే కలిపింది. మధ్యలో చల్లవి ఉంటే ద్రావకం విషపు ఆవిరి గదిలోంచి పోయేది. మెంథాల్ ఘాటులో ద్రావకం వాసన ఆమెకి తెలియలేదు. ఎనిమిదోదాని దగ్గర కూలిపోయింది, మళ్ళీ లేవలేదు.

విచారణలో వరస ఆమే మార్చిందని చెప్పాను. ఛీ, ఎంత తేలిగ్గా చెప్పాను!

ఇప్పుడు ల్యాబంతా మెంథాల్ వాసన.

"గొట్టం గానీ పీల్చావా?" అన్నాను.

"నేనా? అమ్మ పోయాక ఆ వాసనే పడదు నాకు." లమ్‌డువాన్ ముక్కు ఎగబీల్చింది. "అవును, ఎక్కడిదిది? పొద్దున దేవత గూటి ముందు నైవేద్యం పెట్టిన ఎర్ర సోడా చల్లగా లేదని ఏ ఆత్మైనా అలిగిందేమో!"

నవ్వుతూ కలిపే గది తలుపు మీద చెయ్యి వేసింది. నేను గట్టిగా అరిచాను.

"లోపలికెళ్ళకే! వరస మార్చింది మీ అమ్మ కాదు, నేను. నేనే ఆమెని ఆ గదిలో ఎనిమిదిసార్లు నిలబెట్టాను. తర్వాత అబద్ధం చెప్పాను."

నవ్వు ఆగిపోయింది. ఆమె చెయ్యి మాత్రం తలుపు మీదే ఉంది. ఇంతలో ప్రింటర్ కదిలింది. నేను దాన్ని ముట్టుకోలేదు, ఆమె నాలుగడుగుల దూరంలో ఉంది. కాగితం మెల్లగా బయటికొచ్చింది. వేడిది, చల్లది, చల్లది, వేడిది, చల్లది. కలగలుపుగా, ఉండాల్సినట్టే ఉంది.

హమ్మయ్య అనుకున్నాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను, సిగ్గులేనివాణ్ణి.

లమ్‌డువాన్ ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టింది. నాలుగు కాగితాలూ మడిచి చేత్తో పట్టుకుంది.

"ఏడాది నుంచీ మా అమ్మని అజాగ్రత్త మనిషి అంటుంటే తలొంచుకు తిరిగాను మావయ్యా. నాకు చెప్తే చాలదు. పద, మేనేజరు ముందు చెబుదువు గాని."

ఆమె ముందు, వెనక నేను. నడవాలో మా ఇద్దరి మధ్యా మెంథాల్ వాసన కూడా వచ్చింది.