సగం కలిపిన టీ పొడి

ఉపేంద్ర పోయిన రోజు ఆ ఇంట్లో ఒక గ్లాసుడు టీ మిగిలిపోయింది.

ఆషాఢమాసం, బుధవారం. ఎచ్చెర్ల దగ్గర హైస్కూల్లో అనూరాధ ఎనిమిదో తరగతికి నదుల పాఠం చెబుతుండగా భర్త గురించి కబురొచ్చింది. ఆటోలో శ్రీకాకుళం చేరేసరికి ఇంటి నిండా జనం. ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా లేకపోయిందన్నారు. మేడ మీద అత్తగారు భాగ్యవతి కిటికీ పక్కన కూర్చుని ఉంది. కిటికీ గట్టు మీద గ్లాసులో టీ మీగడ కట్టి ఉంది. ఒక్క గుక్క తాగి వదిలేసినట్టుంది. మూడో రోజు ఆ గ్లాసు అనూరాధే కడిగింది.

ఆ రోజు నుంచీ భాగ్యవతి టీ మానేసింది. పోయినవాళ్ళ పేరున ఇష్టమైనది వదిలెయ్యడం ఎక్కడైనా ఉన్నదే. కాశీ వెళ్ళి వంకాయో కాకరకాయో వదిలి వచ్చినవాళ్ళు ఆ వీధిలోనే నలుగురున్నారు. కానీ వీళ్ళది టీ పొడి కొట్టు. ముప్పై ఏళ్ళుగా ఇంటి కింది గదిలోనే వ్యాపారం. ఉపేంద్ర నాలుగు రకాల పొడి తెప్పించి కలిపి అమ్మేవాడు. ఏ రకం ఎంత కలపాలో కాగితం మీద ఎక్కడా లేదు. వచ్చిన ప్రతి బస్తా వెనకటిదానిలా ఉండదు కాబట్టి కొలత రాసుకున్నా పనికిరాదు. కలపడం, ఒక గ్లాసు కాచడం, మెట్లెక్కి తల్లికివ్వడం, అదే పద్ధతి. ఆవిడ ఒక గుక్క తాగి, "రంగు సరే గానీ వగరెక్కువైనాది" అంటే దిగి వెళ్ళి మళ్ళీ కలిపేవాడు. "ఊఁ, కట్టీ" అంటేనే పొట్లాలు కట్టేవారు.

ఇప్పుడు కొట్లో పనిచేసే సోములు ఉజ్జాయింపుగా కలుపుతున్నాడు. ఒకరోజు బస్సుల కాంప్లెక్సు దగ్గర టీ బడ్డీ పెట్టుకున్న అప్పలసూరి పొట్లం వెనక్కి తెచ్చి బల్ల మీద పడేశాడు.

"ఒరే సోములూ, ఇది టీయా, కషాయమా? తాగినోలు ఎవలికి జొరమొచ్చినాదని అడుగుతన్నారు."

"పైన అమ్మ రుచి సూస్తే గానీ నా సేతిలో ఏటున్నాది బావా?" అన్నాడు సోములు.

మెట్ల మీద నిలబడి అనూరాధ ఆ మాట విన్నది. ఆమెకు కొట్టు మీద బెంగ లేదు. బెంగంతా మనిషి మీదే. భాగ్యవతి ఒంటిపూట తింటోంది. కిటికీ దగ్గర్నుంచి కదలడం లేదు. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు. ఇంట్లో మిగిలింది ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరు రోజుకింత చొప్పున తగ్గిపోతుంటే చూస్తూ కూర్చోవడం అనూరాధ వల్ల కావడం లేదు.

దసరా సెలవులకని ఉపేంద్ర తీసిన రైలు టిక్కెట్లు బీరువాలో కనబడ్డాయి. కూనూరు వెళ్ళడానికి, కోయంబత్తూరు దాకా. అనూరాధకి ఎల్టీసీ ఉందని, నీలగిరి పొడి అమ్ముకుంటూ నీలగిరి చూడకపోవడం సిగ్గుచేటని, పోవడానికి పన్నెండు రోజుల ముందు తీశాడు. ముగ్గురికి.

"రద్దు చెయ్యమంటారా అత్తయ్యా?"

భాగ్యవతి టిక్కెట్లు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆడు తీసినవి. ఎల్దుం" అంది.

పక్కింటి తాయారు గుమ్మంలోనే అడ్డం పడింది. "ఏటి సూతకంలో కొండెక్కుతావేటొదినా? ఏడాది తిరక్కుండానే?"

"అది దేవుడున్న కొండ కాదే. ఆకు కొండ. ఆకుకేటి మైల?"

మూడు నెలల్లో ఆవిడ ఎవరితోనైనా వాదించడం అదే మొదలు. ఆ పూట అనూరాధ కొంచెం ఎక్కువ అన్నం తిన్నది.

కోయంబత్తూరులో రైలు దిగి బస్సెక్కారు. మలుపు మలుపుకీ చలి పెరిగింది. భాగ్యవతి పొందూరు చీర మీద రెండు దుప్పట్లు కప్పుకుని, దూది పెట్టుకున్న చెవులతో, కిటికీలోంచి చూస్తూనే ఉంది. తోటలు మొదలవగానే ముక్కు మీద వేలేసుకుంది.

"ఇంతేనా? గోరింటాకు కంచెలాగున్నాది! దీని పొడా మనం ముప్పయ్యేళ్ళు అమ్మీసినాం?"

మర్నాడు ఒక చిన్న ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్ళారు. ఆకు వాడబెట్టే తొట్లు, నలిపే యంత్రాలు దాటాక చివర్న ఒక తెల్లటి గది ఉంది. పొడుగాటి బల్ల మీద వరసగా పింగాణీ కప్పులు. రుచి చూసే ఆయన విశాఖలో నాలుగేళ్ళు పనిచేశాడట, తెలుగు వచ్చు. చెంచాతో ప్రతి కప్పులోంచి పెద్ద చప్పుడుతో జుర్రి, పక్కనున్న తొట్టెలో ఉమ్మేస్తున్నాడు.

"అదేటి, మింగకుండా ఉమ్మీస్తన్నాడు?" అంది భాగ్యవతి పైకే.

ఆయన నవ్వాడు. "మింగితే సాయంత్రానికి చస్తానమ్మా. రోజుకి రెండొందల కప్పులు. చూస్తారా?"

"నేను టీ తాగను బాబూ."

"నేనూ తాగను. ఉమ్మెయ్యండి."

భాగ్యవతి కోడలి వైపు చూసింది. సెలవు అడిగే పిల్లలు అలాగే చూస్తారు. అనూరాధ ఆవిడ చేతిలో ఉన్న దుప్పటి తీసుకుని పక్కకు జరిగింది.

ఆవిడ జుర్రింది. ఉమ్మింది. రెండో కప్పు, మూడో కప్పు. నాలుగో దాని దగ్గర ఆగి, "ఇది మన రెండో డబ్బాలోదిలాగుంది. ఇది గానీ తగ్గితే గొంతులో పట్టు ఉండదు" అంది. ఏడో దానికి మొహం చిట్లించింది. "ఇది బాగోలేదు."

ఆయన తన కాగితం తిప్పి చూపించాడు. ఏడో నెంబరు మీద అడ్డగీత ఉంది.

భాగ్యవతి చెంచా కింద పెట్టింది. "బాగోలేదంటే సేసినోడు నొచ్చుకోడా బాబూ?"

"ఎందుకమ్మా? బాగోలేదని చెప్పడానికే నాకు జీతం. వాడు మళ్ళీ చేస్తాడు. సాయంత్రం నాతో క్యారమ్స్ ఆడతాడు, ఓడిస్తాడు కూడా."

బయటికొచ్చాక భాగ్యవతి గేటు పక్కన బల్ల మీద కూర్చుండిపోయింది. తోట మీద మంచు దిగుతోంది. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"ఆ రోజు ఆడు తెచ్చిన టీ బాగోలేదన్నాను. పోయి మళ్ళీ కలుపు అన్నాను. మొకమైనా సూడలేదే అమ్మా. ఈదిలోకి సూస్తన్నాను. 'అలాగేనే' అని దిగినాడు. కిందకెళ్ళి ఇంకో గరిట ఏసినాడో లేదో పడిపోనాడు. ఆడితో నా ఆఖరి మాట అదే. నాకు టీ ఏటి?"

అనూరాధకు ఓదార్పు మాటలు చాలా తెలుసు. మూడు నెలలుగా వినీ వినీ అవి నచ్చడం మానేశాయి. జరిగినది ఒకటి గుర్తొచ్చింది. అదే చెప్పింది.

"ఆయన అప్పుడప్పుడు కావాలనే వగరెక్కువ చేసి తెచ్చేవారు అత్తయ్యా, మీరు పడతారో లేదో అని. మీరు బాగోలేదనగానే వంటింట్లోకొచ్చి, 'పట్టేసిందే మా అమ్మ' అని నవ్వేవారు. ఒక్కసారి కూడా మీరు తప్పలేదు."

"నిజంగా?"

"నిజం."

"దొంగ సచ్చినోడు!" అంది భాగ్యవతి. అనేశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి వెనక నుంచే నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. రెండూ కలిసే చాలాసేపు వచ్చాయి. అనూరాధ ఆపలేదు. ఆవిడ వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. తన ఊపిరి కూడా తేలిగ్గా ఆడుతోందని కాసేపటికి గమనించింది.

గేటు దగ్గర బడ్డీవాడు అడక్కుండానే రెండు గ్లాసులు తెచ్చి పెట్టాడు. భాగ్యవతి గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంది. ఒక గుక్క నోట్లోకి తీసుకుంది. ఆవిడ మింగింది.

"బాగోలేదు" అంది. అని మొత్తం తాగేసింది.

తిరుగు రైల్లో విజయవాడ దాటాక భాగ్యవతి ఉన్నట్టుండి అడిగింది. "ఆ రోజు ఆడు కలుపుతున్న పొడి ఏటైనాది?"

"డ్రమ్ములోనే ఉంది. సోములు మూత పెట్టాడు. మళ్ళీ ఎవరూ తియ్యలేదు."

"తియ్యొద్దని ఫోన్ సెయ్యి. నేనొచ్చి సూస్తాను."

అనూరాధ ఫోన్ చేసింది. సోములు సరేనన్నాడు. ఆ డ్రమ్ములో పొడి సగమే కలిసి ఉంది. మిగతా సగం కలపాలి.