చెరువు కూర్చున్న కొండ

నారుమడావిడ పొద్దున్నే చేసే మొదటి పని వేలు పెట్టి చూడటం. నల్ల సంచిలో మట్టి, మట్టిలో జానెడు మొక్క. చూపుడువేలు రెండో కణుపు దాకా దించి, తడి తగిలితే పక్క సంచికి జరుగుతుంది, తగలకపోతే ఓ చెంబుడు నీళ్లు పోస్తుంది. ప్రతిదాంట్లోనూ వేలు పెడుతుందని ఊళ్లో ఆమెకున్న పేరు ఈ ఒక్క విషయంలో అక్షరాలా నిజం.

ఆమెకు ఇంకో పేరు కూడా ఉంది. ఏడేళ్ల కిందట కొండ మీది అడవి కాలిపోయింది. అప్పటి నుంచి ఆమె రెండుసార్లు మొక్కలు పెంచి ఇచ్చింది. రెండుసార్లూ ఊరంతా కొండెక్కి, ఫొటోలు దిగి, నాటి వచ్చింది. రెండుసార్లూ ఎండాకాలం రాకముందే మొక్కలన్నీ పుల్లలయ్యాయి. కొండ మీద నీటిచుక్క లేదన్న సంగతి అందరికీ తెలుసు. అయినా మొక్క బతికితే నాటినవాళ్ల చేతి చలవ, చస్తే పెంచినావిడ చేతి గుణం. అలా ఆమె ఎండుపుల్లలావిడ అయింది.

ఈసారీ చస్తే నారుమడి తీసేసి అక్కడ బండ్లు నిలుపుకుంటామని చెరువు కమిటీ తేల్చేసింది. ఆ కబురు మోసుకొచ్చింది కమిటీ కార్యదర్శే. ఆయన ఆమె అక్క మొగుడు, రిటైరైన బస్సు కండక్టరు.

"ఏం చేయను మరదలా? నలుగురి మాట కాదనలేం గదా."

"ఆ నలుగురిలో మీరొకరు కాదా బావా?"

"నేను కార్యదర్శిని. రాయడం వరకే నా పని," అన్నాడాయన, కాఫీ అడిగి మరీ తాగి వెళ్లాడు.

ఆమెకు భర్త లేడు, పిల్లల్లేరు, ఇరవై ఏళ్లుగా ఆ మడి తప్ప వేరే లోకం లేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

కొండ మీద చెట్లు లేకపోతే మట్టి ఆగదు. వానొచ్చినప్పుడల్లా కొట్టుకొచ్చి చెరువులో పడుతుంది. అందుకే ఏటా ఓ ఆదివారం పూడిక తీస్తారు. కండక్టరు గట్టు మీద నిలబడి రెండు ఈలలు వేస్తాడు. చెరువు లేస్తుంది. ఇల్లు ఊడుస్తుంటే తాతయ్య కాళ్లు పైకి పెట్టుకున్నట్టు, చేపలతో సహా లేచి, నారుమడి పక్కనున్న బీడులోకి వెళ్లి కూర్చుంటుంది. జనం తట్టలు, పారలతో దిగి బురద తీస్తారు. రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకుంటారు. పదింటికి ఒక పొడుగాటి ఈల వేస్తే చెరువు తిరిగొచ్చి తన చోట్లో పడుకుంటుంది.

బురదలో ఏటా నల్ల సంచులు బయటపడతాయి. కొండ మీద చచ్చిన మొక్కల తాలూకువి. ఎవరూ చూడకముందే వాటిని ఏరేయాలని నారుమడావిడ అందరికంటే ముందు దిగుతుంది.

నాట్ల ఆదివారం, పూడిక ఆదివారం ఎప్పుడూ నెల తేడాతో వస్తాయి. ఈ ఏడు ముఖ్య అతిథికి ఒక్క రోజే తీరిక దొరికింది. ఒకే దెబ్బకు రెండు పిట్టలని కండక్టరు రెండూ ఒకే రోజు పెట్టేశాడు. నారుమడావిడ శనివారం సాయంత్రం, నాట్లున్న ప్రతిసారీ చేసినట్టే, మూడు వేల మొక్కలూ బీడులో వరసలు పేర్చింది. మొక్కల్ని కొండకు తోలే బండి వచ్చేది అక్కడికే మరి. రెండూ ఒక్కరోజేనని ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. చెరువు కూర్చునేదీ ఆ బీడులోనేనని మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆదివారం ఏడింటికి అతిథి కుర్చీలో కూర్చున్నాక, కండక్టరు రెండు ఈలలు వేశాడు. చెరువు లేచి, గట్టు దాటి, బీడు అంచుకొచ్చి ఆగిపోయింది. నిండిన బస్సు ఎక్కిన మనిషిలా అటూ ఇటూ చూసింది.

"మరదలా! మొక్కలు తీయించు!"

"మూడు వేల సంచులు బావా. మధ్యాహ్నమవుతుంది. దాన్నే వెనక్కి పొమ్మనండి, పై ఆదివారం చూద్దాం."

"తూము పూడిపోయిందే! ఈ వారం తీయకపోతే కింది పొలాలకు నీళ్లు దిగవు."

తట్ట పట్టుకున్న ఒక రైతు గట్టిగానే అన్నాడు. "ఆ పుల్లల కోసం మా పొలాలు ఎండబెట్టుకోవాలా?"

అతనన్నది న్యాయమే. అందుకే ఆమెను మరింత నొప్పించింది. చెరువు నిలబడలేక అంచుల దగ్గర వణుకుతోంది. ముందు వరసలో మొక్కలు అప్పుడే తడుస్తున్నాయి. కూర్చోమని చెప్పడానికి కండక్టరు ఈల నోట్లో పెట్టుకున్నాడు.

"ఆగండి బావా."

ఆమె చెరువు దగ్గరకెళ్లి, అలవాటు కొద్దీ, చూపుడువేలు రెండో కణుపు దాకా పెట్టింది. చల్లగా తగిలింది.

"రా తల్లీ, నాతో రా," అని కొండవైపు నడిచింది.

చెరువు ఎన్నడూ ఎక్కి ఎరగదు. సగం దూరంలో ఆయాసపడింది. ఆమె కూడా ఓ రాతి మీద కూలబడి, "ఉండు, నాకూ యాభై దాటాయి," అంది. ఇద్దరూ కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ ఎక్కారు.

పైన, నాట్ల కోసం పోయిన ఆదివారం ఊరంతా కలిసి తవ్విన మూడు వేల గుంతలున్నాయి.

"ఉన్న చోటు ఇదే. సర్దుకుని కూర్చో."

చెరువు ఒక్కో గుంతలోనూ కాస్త కాస్త కూర్చుంది. చేపలు పంచుకున్నాయి. ముసలి చేప ఒకటి మాత్రం రెండు గుంతలు మారి, మూడోది నచ్చి ఆగింది. అంత చెరువు ఆ గుంతల్లో ఎలా పట్టిందని కింద అతిథి అడిగితే, "జరిగి కూర్చుంటే ఎందరైనా పడతారండీ, ముప్పై ఏళ్లు బస్సులో చూశాను," అన్నాడు కండక్టరు.

పదింటికి పొడుగాటి ఈల వినబడి చెరువు దిగొచ్చింది. అప్పటికి తూము తెరుచుకుంది. పొద్దున మాట విసిరిన రైతు నల్ల సంచులన్నీ ఏరి, కడిగి, ఆమె చేతికిచ్చాడు.

"మళ్లీ పనికొస్తాయేమో అక్కా," అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

సాయంత్రానికి మొక్కలు నాటేశారు. కండక్టరు మర్నాడు నీటిమట్టం చూపే కొలరాయి చూస్తే చెరువు జానెడు తగ్గింది. కాసేపు కొండవైపు చూసి, పుస్తకంలో 'ఆవిరి' అని రాసుకున్నాడు.

ఎండాకాలం మండిపోయింది. నారుమడావిడ వారం వారం భయంభయంగా కొండెక్కి మొక్కల మొదట్లో వేలు పెట్టేది. ప్రతిచోటా తడే. నడి వేసవిలో ఓ రోజు, అన్ని వరసలూ చూశాక, అక్కడే కూలబడి ఏడ్చింది. సంతోషంతోనే, కానీ చాలాసేపు. బండ్ల స్థలం ఊసు కమిటీలో మళ్లీ రాలేదు. పేరు మాత్రం పోలేదు. పచ్చటి కొండ చూపించి, అదంతా ఎండుపుల్లలావిడ పెంచిందే అని కొత్తవాళ్లకు చెప్పేవారు.

మరుసటేడు ఆమె బీడు ఊడ్చి ఖాళీగా ఉంచింది. రెండు ఈలలకు లేచిన చెరువు అటు కన్నెత్తైనా చూడకుండా కొండెక్కింది. ఆ తర్వాత ఏటా అంతే.

నాలుగో ఏడు కొండ నుంచి మట్టి దాదాపు రాలేదు. పూడిక పని తొమ్మిదింటికే అయిపోయింది. కండక్టరు పొడుగాటి ఈల వేశాడు. చెరువు రాలేదు. మళ్లీ వేశాడు. పైన ఆకులు కదిలాయే తప్ప చుక్క దిగలేదు.

"ఏమైంది దీనికి?" అని ఆయన మూడోసారి ఈల ఎత్తబోతే ఆమె చెయ్యి పట్టుకుంది.

"కాసేపు ఉండనివ్వండి బావా. పుట్టి ఇన్నేళ్లకు నీడన కూర్చుంది."