మూడు గంటల పది నిమిషాల దూరం

కృపామణికి కావలసింది పన్నెండు రోజుల సెలవు. సూపర్‌వైజర్ రవిచంద్ర ఇస్తానన్నది నాలుగు.

రేణిగుంట గోడౌన్‌లో ఆరేళ్లుగా అట్టపెట్టెలకు టేపు అంటించే మనిషి కృపామణి. భర్త సుకుమార్ బోరు లారీ మీద పనికి అరుణాచల్ ప్రదేశ్ దాకా వెళ్లాడు. తేజూ అనే ఊరి దగ్గర ఇనుప పైపు జారి కాలి మీద పడింది. ఆస్పత్రిలో కట్టు కట్టి, ఎవరైనా వచ్చి తీసుకుపొమ్మన్నారు. లారీవాళ్లు మాత్రం నీళ్లు పడని బోరును వదిలేసినట్టు ఆయన్ని అక్కడే వదిలేసి ముందుకు పోయారు.

సెలవు కాగితంలో ‘ప్రయాణానికి పట్టే రోజులు’ అని ఒక గడి ఉంటుంది. దాన్ని నింపడమంటే రవిచంద్రకు మహా ముచ్చట. ఏ ఊరు చెప్పినా కంప్యూటర్‌నే అడుగుతాడు. అది చెప్పిందే వేదవాక్కు. తేజూలో విమానాశ్రయం ఉందట, రేణిగుంటలో ఎలాగూ ఉంది. రెండు పేర్లూ కొట్టాడు.

“రెండువేల మూడువందల యాభై కిలోమీటర్లు. మూడు గంటల పది నిమిషాలు. పోయేదానికి ఒక దినం, వచ్చేదానికి ఒక దినం, ఆడ ఉండేదానికి రెండు. నాలుగే శానా ఎక్కువమ్మా. ఐదో దినం రాకపోతే నీ జాగాలో ఇంకో మనిషిని పెట్టుకుంటా.”

కృపామణికి ఒళ్లు మండింది. చెన్నై పోయి రైలెక్కితే మూడు పగళ్లు, మూడు రాత్రులు. దిగాక మళ్లీ బస్సు. వచ్చేటప్పుడు కట్టుకాలితో మనిషి. ఇదంతా పొద్దున్నుంచి రెండుసార్లు చెప్పింది. మూడోసారి బతిమాలడానికి నోరు రాలేదు.

“ఆ మూడు గంటల విమానం ఎన్నింటికి సార్? సూసి సెప్పు, రేపే ఎక్కుతా.”

రవిచంద్ర వెతికాడు. వెతికేకొద్దీ ముఖం మాడిపోయింది. నేరుగా పోయేది ఒక్కటీ లేదు.

“విమానం లేదులేమ్మా. అది ఊరికే దూరం కొలిచి సెప్పేది.”

“లేని విమానంలో నన్నెట్ల పంపిస్తావు సార్?”

“రూలు రూలే. లెక్క ప్రకారం నాలుగే.” కాగితంలో సెలవు రోజుల దగ్గర నాలుగు అని వేశాడు.

పక్కన పెట్టెలు సర్దుతున్న కోమలి, నిర్మలమ్మ చేతులాపి చూస్తున్నారు.

“సరే సార్. లెక్క ప్రకారం ఐదో దినం పొద్దున్నే వచ్చేసినట్టు నాకు హాజరు ఏసుకో. మనిషిని మాత్రం పదమూడో దినం వస్తా.”

కోమలి పక్కున నవ్వింది. రవిచంద్ర చెవులు ఎర్రబడ్డాయి. కృపామణి కాగితం లాక్కుని, నాలుగు కొట్టేసి పన్నెండు వేసి, కింద తన సంతకం చేసి బల్ల మీద పెట్టింది.

“ఎవుర్నడిగి రాసినావు పన్నెండు?” రవిచంద్ర గొంతు పెంచాడు.

“ఆడ మంచంలో ఉండాడే, మా ఇంటాయన, ఆయన్నడిగి రాసినా. నువ్వు ఎవుర్నడిగి నాలుగేసినావు?”

రవిచంద్ర చూపు కంప్యూటర్ మీదికి పోయింది.

“సంతకం పెడితే పెట్టు, లేకుంటే లేదు. నేను మాత్రం పోతాండాను.”