అరవైతో రాసిన కాగితం

రెండు చొక్కాలు, తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను సంచిలో సర్ది, జిప్పు వేసి, మళ్ళీ తీసి చూసింది. భర్త పని మీద పొరుగూరు వెళ్ళే ప్రతిసారీ ఆమెకు అంతే. ఏదో ఒకటి మరిచిపోయినట్టే ఉంటుంది.

"ఒక్క రాత్రికి ఇంత సంచీ ఏమిటే? కాపురం మార్చేస్తున్నానా?" అన్నాడాయన, బల్ల మీద కాగితం పరిచి గీతలు గీస్తూ. ఆయన పంపుల మెకానిక్కు.

"మాటలకేం గానీ, సరిగ్గా రాయండి. ఇవాళ నా పరువంతా దాని మీదే ఉంది."

పరువే కాదు, పని కూడా. నూలు మిల్లులో దూది దుమ్మును లాగే పెద్ద పంకాను ఇరవై రెండేళ్ళుగా ఆమే నడుపుతోంది. అది నిమిషానికి పన్నెండు వందల చుట్లు తిరగాలి. తగ్గితే దుమ్ము గాలిలోనే నిలుస్తుంది, పెరిగితే మంచి దూదీ ఎగిరిపోతుంది. పాత ప్యానెల్ చుట్లు చూపేది. నిన్న బిగించిన కొత్తది హెర్ట్జ్‌లు చూపుతోంది. ఇవాళ, మంగళవారం, దాన్ని నడపలేకపోతే రేపటి నుంచి చీపురు పట్టుకోమన్నాడు సూపర్‌వైజరు.

"హెర్ట్జ్ సెకను లెక్క, చుట్లు నిమిషం లెక్క. అరవైతో గుణించడమే. ఇదేమన్నా బ్రహ్మవిద్యా?" అన్నాడు భర్త రాస్తూ.

పదికి ఆరు వందలు, ఇరవైకి పన్నెండు వందలు, యాభైకి మూడు వేలు. గుండ్రటి అంకెలు. కాగితం ఆమె చేతికిచ్చి, సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగాడు. ఆయన మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది.

మిల్లులో మీట తిప్పి ఇరవై దగ్గర ఆపింది. పంకా మూలిగింది. కాసేపటికి దుమ్ము మంచులా కమ్ముకుని, ఆడవాళ్ళు దగ్గసాగారు.

"ఏం పంకా అక్కా, తలా ఒక విసనకర్ర పంచమంటావా?" అన్నాడు సూపర్‌వైజరు.

ఆమె సొరుగులోంచి పాత చేతిమీటరు తీసి, దాని రబ్బరు మొనను తిరుగుతున్న ఇరుసు చివర ఆనించింది. ఆరు వందలు కూడా లేవు. భర్తకు ఫోను చేసింది.

"ఏమండీ, మీరు రాసినదాంట్లో సగమే తిరుగుతోంది."

"మోటారు రేకు మీద ధ్రువాలు, అదే పోల్స్, ఎన్నని ఉంది?"

గుడ్డతో తుడిచి చూసింది. "నాలుగు."

"ఛ! నా పంపులన్నీ రెండు ధ్రువాలవి. చెయ్యి అలవాటుకొద్దీ రాసేసింది. నాలుగుంటే వేగం సగమే. అరవై కాదు, ముప్ఫైతో గుణించు."

"కొట్టేసి రాసుకోనా?"

"పాడుచెయ్యకు. రేపొచ్చి నేనే దిద్దుతాలే."

మీటను నలభైకి తెచ్చి, ఇంకా కాస్త తక్కువుంటే మరో గీత జరిపింది. చేతిమీటరు పన్నెండు వందలు చూపింది. దుమ్ము మెల్లగా వంగి గొట్టం వైపు మళ్ళింది. సూపర్‌వైజరు కాసేపు చూసి, "సరే," అని వెళ్ళిపోయాడు. ఆమె కాగితాన్ని ప్యానెల్ తలుపు లోపల అంటించింది.

ఏళ్ళ తర్వాత, తన స్థానంలోకి వచ్చినామెకు పని అప్పగిస్తూ, "ఈ కాగితంలో చుట్లన్నీ సగం చేసి చదువుకోవాలి," అంది.

"దిద్దెయ్యొచ్చుగా అక్కా?"

"దిద్దే మనిషి వేరే ఉన్నారు."

పంపుబావి నిచ్చెన మీంచి జారిపడిన ఆమె భర్త ఆ బుధవారం ఇంటికి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కాగితం మీద ఇరవైకి ఎదురుగా పన్నెండు వందలే ఉంది.