పేరు కొట్టని పళ్ళెం

"నాయన కొట్టినాడని రాయి. అయిపోతాది. దాంట్లో ఏముండాది?" అన్నాడు జయరాం, సంగటి ముద్ద నడిమధ్య వేలితో గుంట చేసి పప్పు పోసుకుంటూ.

ఇంద్రాణి రెండో ముద్ద చుడుతోంది. అప్పుడే పొయ్యి మీద నుంచి దించిన రాగి సంగటి. కొత్తకోడలిగా ఈ ఇంటికొచ్చిన రోజుల్లో ఎంత చెయ్యి తడుపుకున్నా అరచేతులు ఎర్రగా కందిపోయేవి. పెరట్లోకి పోయి, ఎవరూ చూడకుండా ఉఫ్ ఉఫ్‌మని ఊదుకునేది. ఇరవై రెండేళ్ళయింది, ఇప్పుడేమీ తెలియదు. పోనీ చేతులు మొద్దుబారాయనుకుందాం. ఈ మధ్య చేతులొక్కటే కాదు కదా! మొగుడన్న మాట చెవిలో పడింది, లోపలికి పోయింది, ఎక్కడా తగల్లేదు. కోపం రావాలి కదా అనుకుంది. కాసేపు చూసింది కూడా, వస్తుందేమోనని. రాలేదు. ముద్ద గుండ్రంగా వచ్చింది. పళ్ళెంలో పెట్టి, పక్కన ఊరుబిండి పచ్చడి వేసింది.

"ఆ పాప నాయన బెంగుళూర్లో ఇటికెలు మోస్తాండాడు. పిల్ల ఇల్లిడిచిందని కూడా ఆయప్పకు తెలీదు. ఆయప్ప కొట్టినాడని ఎట్ల రాసేది?" అంది.

"ఆయప్పేమన్నా వచ్చి నీ పుస్తకం సదువుతాడా?" నవ్వాడు జయరాం. "ఆ పిల్లోళ్ళంతా నాయన తాగి కొడితే వచ్చేటోళ్ళే గదా. వాళ్ళతో పాటు ఇంకొకరు. ఎవురికి నష్టం?"

నిజమే, ఎవరికీ కనపడే నష్టం లేదు. ఆ పుస్తకం సత్రానిది. ధర్మవరం రైల్వే స్టేషను వెనక మున్సిపాలిటీ వాళ్ళు వదిలేసిన పాత సత్రంలో, ఇల్లు విడిచి పారిపోయి వచ్చిన ఆడపిల్లలకు నీడ ఇవ్వడం ఇంద్రాణి మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు. వచ్చిన ప్రతి పిల్ల పేరూ, వయసూ, ఊరూ అందులో ఎక్కుతాయి. చివరి గడి 'ఇల్లు విడిచిన కారణం'. నెలాఖరుకు ఆ పేజీల నకలు కలెక్టరాఫీసుకు పోతుంది. ఆ గడిలో రాసిందాన్ని బట్టే పిల్లను ఎవరికి అప్పజెప్పాలో, ఎవరికి అప్పజెప్పకూడదో తేలుతుంది. నాయన కొట్టాడని రాస్తే, పనికి పెట్టుకున్న ఇంటికి పిల్లను దర్జాగా తోలుకుపోవచ్చు. ఆ పనికి పెట్టుకున్న ఇల్లు జయరాం అక్క భద్రమ్మది. అదీ సంగతి.

సంస్థకు అధ్యక్షుడు జయరాం. "ఆడమనిషి పేరు మీదైతే ఆఫీసుల్లో ఫైలు కదల్దు" అని మొదట్లోనే ఆయన పేరు రాయించాడు. ఇంద్రాణి కార్యదర్శి. కార్యదర్శి అంటే, పొద్దున ప్యాసింజరుకు పోయి ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా కూర్చున్న పిల్లల్ని వెతకాలి, పోలీసు స్టేషనులో చెప్పాలి, ఆస్పత్రికి తిప్పాలి, బడిలో చేర్చాలి, దుప్పట్లకూ బియ్యానికీ ఊరూరికీ ఉత్తరాలు రాయాలి, తలల్లో పేలు కూడా దువ్వాలి. అధ్యక్షుడు పంద్రాగస్టుకు వచ్చి జెండా ఎగరేస్తాడు. ఇంట్లో మటుకు, "ఊరి పిల్లోళ్ళకంతా అమ్మే, మనింట్లో పొద్దు మీరినా సంగటి ల్యా" అని వచ్చిపోయే చుట్టాలతో పరాచికాలాడతాడు. సంగటి ఒక్కరోజు ఆలస్యమైన పాపాన పోలేదు. ఆ మాట అనడానికి ఆమెకు నోరు రాదు, చుట్టాలకు నవ్వడానికి వస్తుంది.

మొన్న ఫిబ్రవరిలో జనాభా లెక్కలకు ఒక పంతులు వచ్చాడు. "మేడం ఏం పని చేస్తారు సార్?" అని అడిగాడు. "ఏం లేదప్పా, ఇంటికాడే" అన్నాడు జయరాం. ఇంద్రాణి అప్పుడు సత్రం పుస్తకం చంకలో పెట్టుకొని, చెప్పులేసుకోబోతూ ఆగి, ఆ పంతులుకే కాఫీ అందిస్తోంది. పంతులు పుస్తకం వైపు చూశాడు, జయరాం వైపు చూశాడు, తలొంచుకొని రాసుకున్నాడు. ఆ రోజు కూడా ఆమెకు ఏమీ అనిపించలేదు. గ్లాసు తీసుకుపోయి కడిగింది.

సత్రంలో ఒక కట్టుబాటుంది. వచ్చిన పిల్లను మూడు రోజులు ఎవరూ ఏమీ అడగరు. మొదటి ఏడాది తెలియక, రైలు దిగిన పిల్లనల్లా 'ఎందుకొచ్చినావు, ఎవురు కొట్టినారు' అని నిలదీస్తే, ఆ పూటకు ఏదో అబద్ధం చెప్పి తర్వాతి రైలుకే పోయేవాళ్ళు. అప్పటి నుంచి నోరు కట్టేసుకున్నారు. సబ్బు, తువ్వాలు, ఒక స్టీలు పళ్ళెం ఇస్తారు. ఆ పళ్ళెం మీద పేరుండదు. నాలుగో రోజు పిల్ల తన కథ చెప్పి, ఉంటానంటే, స్టీలు సామాన్ల అంగడికి పంపి పళ్ళెం మీద పేరు కొట్టిస్తారు. చుక్కలు చుక్కలుగా తన పేరు చూసుకొని అన్నం తినడం మానేసి మురిసిపోయిన పిల్లలున్నారు. ఇంద్రాణి ఇంట్లో గిన్నెలన్నిటి మీదా మామ ఎర్రప్ప పేరు. పుట్టింటివాళ్ళు పెట్టిన బిందెల మీద వాళ్ళ నాయన పేరు. ఆమె పేరు ఒక చెంచా మీద కూడా లేదు, ఆమె ఎప్పుడూ దాన్ని పట్టించుకోలేదు.

గంగాదేవి శనివారం కదిరి బండికి దిగింది. పద్నాలుగేళ్ళుంటాయి. పిండి మిషను దగ్గర బేసిన వదిలేసి రైలెక్కానని మటుకు తానే చెప్పింది. మూడు రోజులూ ఆ పిల్ల గోడకు ముఖం పెట్టి, హాల్లోకి వీపు తిప్పి తినింది. వంట చేసే అక్కమ్మ, "సిగ్గు పాపం, ఊరుకోండి" అంది. కట్టుబాటు కదా, ఎవరూ అడగలేదు. మంగళవారం ఇంద్రాణి పక్కన కూర్చొని మెల్లిగా అడిగితే, ఆ పిల్ల వెనక్కి తిరక్కుండానే వేలు భుజం మీదుగా వెనక్కి ఎత్తి హాల్లో ఎదుటి గోడ చూపింది.

"ఆ పటంలో ఉండే ఆయమ్మ ఈడికొస్తాదా అక్కా?"

పటంలో దుప్పట్లు పంచిన రోజు తీసిన ఫోటో. నడిమధ్య దండలతో జయరాం, భద్రమ్మ. పక్కన దండల తట్ట పట్టుకొని ఇంద్రాణి; పటం చట్రానికి సగం ముఖం తెగిపోయింది. ఎవరినైతే తప్పించుకొని పారిపోయి వచ్చిందో, ఆ మనిషి పటం ఉన్న హాల్లోనే పిల్లను మూడు రోజులు కూర్చోబెట్టి అన్నం పెట్టారు. అడిగి ఉంటే మొదటి పూటే తెలిసేది. అడక్కపోవడం మంచితనమనుకున్నారు.

"వాళ్ళు యాడికి పోయినా నన్ను సామాన్ల రూములో పెట్టి తాళమేసి పోతారక్కా" అంది గంగాదేవి. "మాఘంలో పెండ్లికి పోయినారు. మూడు దినాలు. బొరుగులు పెట్టినారు, బిందెడు నీళ్ళు పెట్టినారు. కరెంటు పోయింది. మొదుట్లో తలుపు కొడతాంటి. ఎవురూ రాకపోయే. మళ్ళ కొట్టల్యా."

మాఘంలో పెళ్ళి. తాడిపత్రిలో. ఇంద్రాణి కూడా పోయింది. అక్కడ విస్తళ్ళ ముందు తానే అడిగింది, "ఇంటికాడ ఎవురున్నారు వదినా?" అని. "ఎవురూ లేరు, తాళమేసొచ్చినాం" అంది భద్రమ్మ, లడ్డు విరుచుకుంటూ. "అట్లయితే నిమ్మళంగా ఉండండి వదినా" అంది ఇంద్రాణి. అని, ఇంకో లడ్డు వేసింది. ఎవరూ లేరు అన్నప్పుడు లోపల ఉన్నది ఈ పిల్ల.

ఆ సాయంత్రం ఇదంతా ఇంద్రాణి మొగుడికి చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది. ఇరవై రెండేళ్ళుగా జరిగినవన్నీ చెప్పడం అలవాటు, నోరు ఊరుకోలేదు. అరగంటకల్లా కదిరి నుంచి భద్రమ్మ ఫోను.

"ఏమ్మా ఇంద్రాణీ, మా ఇంటి పిల్లతోనే మా మీద సాక్షం చెప్పిస్తాండావంట? కన్నబిడ్డ మాదిరి సాకితిమి. తాళమెయ్యకుంటే అది యాడికన్నా పోతే ఎవురు జవాబు చెప్పల్ల? దాని మంచికే గదా! రేపు మండలం ఎలక్షన్లకు నిలబడతాండా, ఇప్పుడు దొరికిందా నీకు? అంత రాసుకోవాలనుంటే నీకు మేం ఏం తక్కువ చేసినామో అది కూడా రాసుకోపో ఆ పుస్తకంలో."

ఇంద్రాణి, "సరే వదినా" అంది. ఫోను పెట్టేసింది. ఆమెకు నిజంగానే ఏమీ తక్కువ చేయలేదేమో, ఆలోచిస్తే ఏదీ గుర్తు రాలేదు.

ఇది జరిగింది నిన్న. ఇప్పుడు జయరాం తినడం ముగించి, పళ్ళెంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. రోజూ అంతే. మిగిలిన పప్పూ ఎంగిలి నీళ్ళూ కలిసిన ఆ పళ్ళెం ఆమె ఎత్తాలి.

"అనంతపురం పోతాండా. మధ్యాన్నం అక్క కారు పంపిస్తాది, పిల్లను ఎక్కించు. దానికి ముందే రాసి పెట్టు" అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ. గొంతులో కోపం లేదు, కరెంటు బిల్లు కట్టమని చెప్పినట్టే ఉంది. "మా అక్క పేరు రాసినావో, ఈ ఇంటి గడప తొక్కాల్సిన పన్లేదు. ఆ సత్రంలోనే ఉండు, ఆ దిక్కులేనోళ్ళతో."

ఆమె మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఆమె మాట్లాడకపోతే సరేనన్నట్టు లెక్క. ఆయన జీపు ఎక్కి పోయాడు.

ఇంద్రాణి పళ్ళెం తోమింది. ఎర్రప్ప పేరు మీద బూడిద రుద్ది, కడిగి, బోర్లించింది. ఆయన రాత్రి తినడానికి ముద్దలు గిన్నెలో పెట్టి మూత వేసింది. ఎందుకు వేశానా అని కూడా అనుకోలేదు. పెట్టెలోంచి రెండు చీరలు, దువ్వెన, కళ్ళద్దాల పెట్టె గుడ్డసంచిలో వేసుకుంది. ఏడుస్తూ చేయలేదు, పంతంతో చేయలేదు. చింతపండు నానబెట్టినట్టు చేసింది. తాళంకప్ప తీసుకొని వాకిట్లోకి వచ్చాక మటుకు ఆగింది. తాళంలో చెవి అలాగే ఉంచి కిటికీలో పెట్టింది. తలుపు చేరవేసి వదిలేసింది. దొంగలొస్తే రానీ, ఆ ఇంటికి ఆమె మళ్ళీ తాళం వేయదు.

మూడేళ్ళుగా సరైన వాన లేదు. స్టేషను దారిలో దుమ్ము మోకాళ్ళ దాకా లేస్తోంది. సత్రంలో అడుగుపెట్టగానే స్టూలు వేసుకొని ఆ పటం దించింది. దుమ్ము తుడవలేదు, తలుపు వెనక గోడవైపు తిప్పి పెట్టింది. మేకు ఒకటి మిగిలింది. గంగాదేవి దూరం నుంచి చూస్తోంది.

"గంగా, నువ్వు నిన్న చెప్పింది ఇంకోసారి చెప్పు. నేను రాసుకుంటా. అబద్ధం ఒక్కటి గూడా వద్దు" అంది ఇంద్రాణి.

"రాస్తే ఆయమ్మ నిన్ను కొట్టదా?"

"కొట్టదు."

ఆ పిల్ల చెప్పింది, ఇంద్రాణి రాసింది. గడి చాలలేదు. పక్క గడుల్లోకి, కింది గీతల్లోకి పోయింది. సామాన్ల రూము, బొరుగులు, బిందెడు నీళ్ళు, మూడు రోజులు. తాళం వేసినవారు: భద్రమ్మ, కదిరి. నా ఆడబిడ్డ. ఆ ఇంట్లో ఎవరూ లేరని పెళ్ళిలో నాతోనే చెప్పింది, నేను విన్నాను. కింద సంతకం పెట్టింది. అధ్యక్షుడి సంతకానికి ఉన్న చోటు ఖాళీగా వదిలేసింది.

మధ్యాహ్నం కారు వచ్చింది. డ్రైవరు, "భద్రమ్మగారు పాపను పిల్చుకరమ్మన్యారు" అన్నాడు. "పాప రాదప్పా. ఆయమ్మనే వచ్చి పుస్తకం చూసుకోమను. రాసేసినా" అంది ఇంద్రాణి గడపలో నిలబడి. గంగాదేవి లోపల స్తంభం పట్టుకొని నిలబడింది. డ్రైవరు తల గోక్కొని, కారు తిప్పుకొని పోయాడు.

రాత్రి అన్నం వేళయింది. పిల్లలు వరసగా కూర్చున్నారు. రోజూ ఆ వేళకు ఇంద్రాణి ఇంటికి పోతుంది, మొగుడికి వడ్డించడానికి. ఇవాళ పోలేదు. మళ్ళీ పుస్తకం తెరిచి, గంగాదేవి కింద ఇంకో వరస మొదలుపెట్టింది. పేరు: ఇంద్రాణి. వయసు: నలభై ఒకటి. ఊరు: ధర్మవరం. చివరి గడి దగ్గర పెన్ను ఆగింది. ఎవరూ కొట్టలేదు. ఎవరూ తాళం వేయలేదు. ఏం రాయాలి? ఇరవై రెండేళ్ళను ఎక్కడ పట్టుకోవాలో చిక్కలేదు. పెన్ను మూత పెట్టి, పోయి వరస చివర, గంగాదేవి పక్కన కింద కూర్చుంది. సంచి పక్కన పెట్టుకుంది.

అక్కమ్మ గరిటె పట్టుకొని వరస చివరికి వచ్చి ఆగిపోయింది. సంచిలోంచి బయటికి తొంగిచూస్తున్న చీర కొంగు చూసింది. నోట్లోంచి రాబోయిన మాట మింగేసి, వంటింట్లోకి పోయి కొత్త పళ్ళెం తెచ్చింది. పేరు కొట్టని పళ్ళెం. ఉడుకుడుకు సంగటి ముద్ద పెట్టింది.

ఇంద్రాణి ముద్ద తుంచబోయింది. వేళ్ళు చురుక్కుమన్నాయి. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. లాక్కొని ఆ వేళ్ళ వైపే చూస్తూ కూర్చుండిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

గంగాదేవి ఆమె ముఖం చూసింది, సంచి చూసింది, పేరు లేని పళ్ళెం చూసింది. దగ్గరికి జరిగి, ముద్ద మీద ఉఫ్‌మని ఊదింది.

"తిను అక్కా," అంది. "మూడు దినాలు నిన్నెవురూ ఏమీ అడగరు."