బగారా గంజు పట్టేంత దారి

ఎండాకాలం వచ్చిందంటే మా ఇంట్లో ఊటీ మాట మొదలవుతుంది. మొదలుపెట్టేది మా అన్న వీరేందర్. దూలపల్లిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో పని, బహదూర్‌పల్లిలో అద్దె ఇల్లు. మే నెలలో రోజారాణి వదినను తీసుకుని దేవరయాంజాల్ వస్తాడు, మా అరుగు మీద కూర్చుని ఊటీలో ఈ ఎండల్లోనూ స్వెటర్లు వేసుకుంటారని చెబుతాడు. వదిన తన స్వెటర్‌కు రంగు కూడా అనుకుంటుంది. ఆలోగా పక్కింట్లోంచి మా మేనత్త సుక్కమ్మ వస్తుంది.

"సలికి వణికెటందుకు గంత దూరమెందుకురా. ఏములాడ గుడికి పోదాం."

నాయిన కొమురవెల్లి అంటాడు. అత్తమ్మ భర్త జంగయ్య మామ ఏమీ అనడు, బస్సెక్కితే ఆయనకు కడుపులో తిప్పుతుంది. ఈ మాటలు ఒక కొలిక్కి వచ్చేసరికి వానలు పడతాయి. మేం ఎక్కడికీ పోము.

ఈ ఏడు ఆ మాటల మధ్యలో నేను, "మన గుట్ట మీదికి పోదాం" అన్నాను.

అందులో నా అవసరం ఉంది. నేను మేడ్చల్‌లో ఒక మందుల దుకాణంలో పనిచేస్తాను. అక్కడికి వచ్చే చక్రపాణి సారు ఒక ఆదివారం నడక గుంపు నడుపుతారు. గుట్టలెక్కుతారు, మూసుకుపోయిన దారులుంటే అనుమతి తెచ్చుకుని కంప కొట్టి బాగుచేస్తారు. జీతాలేం ఉండవు, ఎవరి నీళ్లసీసా వాళ్లదే. చలికాలం నుంచి నేనూ వాళ్లతో నడుస్తున్నాను గానీ గుంపులో నోరు విప్పింది లేదు. మొన్న సారు కొత్త గుట్ట ఏదైనా చెప్పమంటే నా చెయ్యి ఎలా లేచిందో లేచింది. మా ఊరి వెనక గుట్ట చెప్పాను. ఒకప్పుడు మేకలు నడిచిన దారి అది. ఇప్పుడు మేకలూ లేవు, దారీ లేదు.

"ఈ ఆదివారం దారి తెరువమ్మా యమునా. పై ఆదివారం అందరం వస్తాం. కుదరకపోతే వికారాబాద్ వైపు పోదాం" అన్నారు సారు.

అనుమతి తెచ్చుకున్నాను గానీ, సాయానికి వస్తామన్నవాళ్లు సెలవులకు తలా ఒక ఊరు వెళ్లిపోయారు. ఒకాయన మున్నార్ నుంచి టీ తోట ఫొటో పంపి, క్షమించమన్నాడు. గుంపులో నేను పలికిన మొదటి మాట, పలికిన వారానికే ఉత్తదయ్యేట్టుంది.

"గుట్ట మీద ఏముందే" అంది అత్తమ్మ.

"పెద్ద బండగుండు కింద సల్లటి నీడ అత్తమ్మా. వంటలకు పోయినట్టు పోదాం. దారి జర సాపు చేసుకోవాలె."

చివరి మాట కూడా గట్టిగానే అన్నాను. కానీ వంటలకు పోవడమంటే ఇంటికి తాళం వేసి, చెట్ల కింద తిని, పడుకుని, పొద్దు గూకినాక రావడం. ఆ మాట చెవిన పడ్డాక మా వాళ్లకు ఇంకొకటి వినపడదు. అత్తమ్మ అప్పటికే ఎన్ని కోళ్లో లెక్క పెడుతోంది.

"గుట్ట మీద పొయ్యి పెట్టొద్దు. ఎండుగడ్డి, అంటుకుంటది" అన్నాను.

"గంతేనా. ఇంట్లనే వండి పట్కపోదాం."

పట్టుకుపోవడమంటే డబ్బాల్లో సర్దుకుంటారనుకున్నాను. ఆదివారం తెల్లవారి చూస్తే, వాకిట్లో పెండ్లిళ్లకు తీసే పెద్ద గంజు నిండా బగారా అన్నం.

"మనం ఆరుగురమే కద అత్తమ్మా" అంది వదిన.

"చిన్న గంజుల వండితే అన్నం పలుకు పలుకు రాదు."

గుట్ట మొదట్లో ప్లాట్లు చేసిన వెంచరు ఒకటి ఉంది. పెద్ద కమాను, దాని మీద పచ్చని లోయ అని పేరు, లోపల పాతిన రాళ్లు తప్ప ఒక్క చెట్టూ లేదు. ఇక్కడే కూర్చుందామంటే వీలు కాదు. గంజు పైకి పోవాల్సిందే. దాన్ని తాళ్లతో వెదురు బొంగుకు కట్టి, ముందు నాయిన, వెనక మామ భుజాలకెత్తుకున్నారు. వదిన కోడికూర పట్టుకుంది. అన్న నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు.

కొంచెం దూరం పోగానే గంజు రెండు పరికి పొదల మధ్య ఇరుక్కుంది.

"జర ఒరిగించు బావా" అన్నాడు నాయిన.

"ఒరిగిస్తే మూత పోతది. మూత పోతే మీ అక్క నన్ను సంపుతది" అన్నాడు మామ.

"ఎవ్వడు ఒరిగియ్యద్దు. కంప కొట్టున్రి" అంది అత్తమ్మ.

నేను తెచ్చిన గొడ్డలి, కొడవలి అప్పటిదాకా ఎవరికీ కనపడలేదు. అన్న అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. పొదలు కొట్టాడు, నేను కంప పక్కకు లాగాను, గంజు నాలుగడుగులు నడిచి మళ్లీ ఆగింది.

"ఇట్ల ప్రతి పొద కాడ ఆగుతె అన్నం సల్లగైతది" అని వదిన కూర నా చేతికిచ్చి, గంజు వెడల్పున రెండు చేతులూ చాపి ముందు నడవడం మొదలుపెట్టింది. ఆమె చేతికి తగిలిన కొమ్మనల్లా అన్న కొట్టేశాడు.

"నీ చేతులు గంజుకంటె పొడుగున్నయే."

"కొట్టనీకి శాతగాక చేతుల మీద పెడుతున్నవ్."

గుట్ట నిట్రంగా, నిలువుగా ఉన్నచోట మూత జారింది. అందుకని వాలుకు అడ్డంగా, మెల్లగా తిరుగుతూ ఎక్కాం. కాలికింద దొర్లే రాళ్లను అత్తమ్మ ఏరి పక్కన పేర్చింది. మధ్యలో ఒకచోట వాన నీళ్లు కోసిన కాలువ దొరికింది. కంప లేదు, సాపుగా ఉంది. సంతోషంగా అందులోనే నడిచాం. ఎండ నడినెత్తికి రాకముందే గంజు గుండు నీడన దిగింది. మెతుకు కింద పడలేదు. ఇది ఊటీకి ఏం తక్కువని అన్న అన్నాడు. స్వెటర్ ఒకటి తక్కువంది వదిన. తిన్నారు, చీరకొంగులు, తువ్వాళ్లు పరుచుకుని నడుం వాల్చారు.

దారి ఎంతవరకు వచ్చిందో చూడడానికి చక్రపాణి సారు మధ్యాహ్నం కర్ర పట్టుకుని ఎక్కి వచ్చారు. నేను లేచి నిలబడ్డాను.

"ఇది నడక దారా అమ్మా, ఊరేగింపు దారా" అన్నారు.

నేను గంజు చూపించాను, వదిన చేతుల కొలత చెప్పాను. ఆయన గంజును చూశారు, వదినను చూశారు, ఇంక ఆ సంగతి అడగలేదు.

"వెడల్పైతే గడ్డి పెరిగి సర్దుకుంటుంది. వాలు బాగా కుదిరింది. కానీ మధ్యలో కాలువలోంచి తెచ్చారు. మొదటి వానకే పోతుంది. ఇవాళే పక్కకు జరపాలి. ఇంకోటి, వానలయ్యాక దీన్ని చూసేదెవరు? చూసేవాళ్లు లేకుంటే తెరవడం దండగ. వికారాబాదే పోదాం."

అత్తమ్మ పడుకున్నచోటు నుంచే, సారుకు అన్నం పెట్టమని నాకు సైగ చేసింది. పెట్టాను. తర్వాత మా వాళ్లను లేపాను. అన్న అటు తిరిగాడు. నాయిన తువ్వాల ముఖం మీదికి లాక్కున్నాడు. సారు తినడం అయ్యేలోపు ఏదో ఒకటి చెప్పాలి. సేవ అంటే వీళ్లు లేవరు. గాలి, నీడ ఇప్పటికే దొరికాయి. మా ఇంట్లో అందరినీ ఒకేసారి లేపింది నాకు తెలిసి ఒక్కటే, తాత చెలక భూమి పంపకాలు.

"నాయినా, ఈ దారి పంచుకుందామా" అన్నాను. మెల్లగానే అన్నాను.

తువ్వాల తొలగింది.

"ఎవలికెంత" అంది అత్తమ్మ, లేచి కూర్చుని.

"కింది ముక్క అన్నకు. గుండు కాడి ముక్క నాయినకు. నీకు, మామకు నడుమది."

"సూసినవా తమ్మీ నీ బిడ్డ తెలివి. నీకు నీడ, నాకు ఎండ."

"అక్కా, నీడ ముక్క నువ్వే తీస్కో. నాకు నడుమది సాలు" అన్నాడు నాయిన.

"గంత ఇష్టంగ ఇస్తున్నవంటె దాంట్లేదో ఉన్నది. అద్దు."

జంగయ్య మామ ఈలోగా నడుమ ముక్క దాకా దిగి చూసి వచ్చాడు. "నా వంతుల కాలువ ఉన్నది. వాన పడితే అందరి ముక్కలుంటయి, నాది కొట్కపోతది. గీ పంపకం నేనొప్ప" అన్నాడు. ఆయన ఒక్కసారి ఇన్ని మాటలాడడం నేనెప్పుడూ వినలేదు.

"నిజమే గద" అన్నాడు నాయిన. "దారి పక్కకు జరుపుదాం పా. ఎవలికీ అన్యాయం గావద్దు."

అందరూ దిగారు. సారు ముద్ద చేతిలో పట్టుకుని, "ఈ భూమి ఎవరిది" అని నన్నడిగారు.

"సర్కారుది సార్."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నారు. తిన్నాక ఆయనా దిగి, దారి ఎటు తిప్పాలో కర్రతో గీసి చూపించారు. కాలువకు అడ్డంగా రాళ్లు పేర్చి, పొద్దు గూకేసరికి దారి పక్కకు జరిపారు మావాళ్లు. ముక్కకూ ముక్కకూ మధ్య హద్దురాయి కూడా పాతారు.

పై ఆదివారం పొద్దున్నే గుంపంతా వచ్చింది. నన్ను ముందు నడవమన్నారు సారు. కింది మలుపు తిరిగేసరికి దారికడ్డంగా అత్తమ్మ, అన్న నిలబడి ఉన్నారు. ఇద్దరి మధ్యా హద్దురాయి.

"నిన్న గీ రాయి గీడ లేదు వీరేందర్. నా దిక్కు జరిపినవ్."

"నేనెందుకు జరుపుత అత్తమ్మా, నా దిక్కే ఎక్కువ కంప ఊడ్వాల్సి ఉన్నది. నువ్వే జరిపినవ్."

"నేను జరిపితే నీ దిక్కే జరుపుత. నాలుగు సీతాఫలం చెట్లు నా వంతుల రావాలె, వానలైనంక కాయలయితయి."

"కాయలు నీకైతే కంప కూడ నువ్వే కొట్టు."

"కొడ్త. నీ లెక్క అద్దాలు పెట్టుకోని కొట్ట."

వెనక గుంపు నిలిచిపోయింది. మున్నార్ ఆయన ఏమైందని అడిగాడు. చక్రపాణి సారు ఆ రాయిని, వాళ్లిద్దరినీ చూసి, వానలయ్యాక చూసేదెవరని నన్ను మళ్లీ అడగకుండా పక్కనుంచి దాటుకుని ఎక్కడం మొదలుపెట్టారు.