వర్షిత పేరు మీద ఎగిరిన డ్రోను

మధ్యాహ్నపు ఎండలో పురుగుమందు కలుపుతూ నాగరాణి మళ్లీ తలెత్తింది. కట్టంగూరు అవతల వరిమడి మీద మందు చల్లుతూ డ్రోను తిరుగుతోంది. కరెంటు తీగలకు దూరంగానే ఉంది. అయినా ఆమె ప్రాణం అక్కడే వేలాడుతోంది.

"బిడ్డా, తీగెలు సూస్కో!"

"సూస్తనే ఉన్ననే అమ్మా. నువ్వు మొత్తుకుంటెనే ద్యాస తప్పుతాంది," అంది వర్షిత రిమోటు పట్టుకుని గట్టు మీంచి.

యజమాని విజేందర్‌కు మూడు డ్రోన్లు. పైలట్ లైసెన్సు మాత్రం వర్షిత ఒక్కదానికే. దాని నకళ్లు తక్కిన రెండింటి పెట్టెల్లో పెట్టి, లైసెన్సు లేనివాళ్లతో నడిపిస్తాడు. మొదట్లో నాగరాణి భయపడితే, "మందుల దుకాణంల సర్టిఫికెట్ ఒకలది, గోలీలిచ్చేది ఇంకొకలు. ఎవలన్న అడుగుతున్నరా అక్కా?" అని నవ్వాడు. పని పోతుందేమోనన్న భయం ముందు ఆ భయం నోరు మూసుకుంది.

ఇప్పుడతను బండి దిగి చెమటలతో పరుగెత్తుకొచ్చాడు.

"చెల్లే, దింపు. సతీశ్ నడిపే డ్రోను పక్కూర్ల తీగెకు తాకి పడ్డది. కలుపు తీస్తున్న గోపమ్మ చెయ్యి కోసుకపోయింది. దవాఖానల ఉన్నది. పోలీసులొచ్చిండ్రు. నువ్వే నడిపినవని చెప్పాలె."

"నేను ఈడనే ఉన్న గదన్నా!"

"లైసెన్సు ఉన్నోళ్లు నడిపితెనే బీమా వస్తది. లేకుంటే గోపమ్మకు పైస రాదు. నీ మీద చిన్న కేసు, అంతే."

నాగరాణి మందు బకెట్ పక్కన పెట్టింది. గోపమ్మ ఆమె పక్కనే నాట్లేసిన మనిషి. ఆ చెయ్యే ఆ ఇంటికి తిండి. 'ఊ అను బిడ్డా' అనబోయింది. చిన్నప్పటి నుంచీ కూతురికి నేర్పిన మాట అదే. కానీ వర్షిత మొహం చూస్తే పోలీస్ స్టేషన్, కోర్టు మెట్లు, చెడిపోయిన పెళ్లి సంబంధాలు అన్నీ ఒక్కసారే కళ్ల ముందు నిలిచాయి.

"నా బిడ్డ పొద్దుగాలకెల్లి నా కండ్ల ముంగట్నే ఉన్నది. ఎవలడిగినా గదే చెప్త."

"గోపమ్మ ఉసురు తాకుతది అక్కా!"

"తాకితే సతీశ్‌కు డ్రోను ఇచ్చినోనికి తాకాలె. ఆమె దవాఖాన ఖర్సు నువ్వే పెట్టు."

"రేపు పనికని మల్ల నా దగ్గరికే వస్తవు గదా!"

"వస్త. నువ్వియ్యవు. నాకెర్కే."

మాట అనేసి నాగరాణి మందు డబ్బాకు మూత పెట్టింది. చేతులు కడుక్కుంది. వర్షిత డ్రోను దింపి తల్లి దగ్గరికొచ్చింది. ఇద్దరూ గోపమ్మ దగ్గరికి పోవడానికి రోడ్డు వైపు కదిలారు.

"ఏందమ్మా, సగం మడే అయింది! మిగిలింది ఎవలు కొడ్తరు?" వెనక నుంచి రైతు గుర్వయ్య అరిచాడు.

వర్షిత తల్లి చెయ్యి పట్టుకుని రోడ్డెక్కింది.